ఆడని బొమ్మ

శివరాత్రికి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. ఓబులేసు చెయ్యి మాత్రం కదలడం లేదు.

ఎదురుగా చెక్కదిమ్మ మీద కొత్త మేకతోలు పరిచి ఉంది. నానబెట్టి, వెంట్రుకలు గీకి, నాలుగువైపులా లాగి మేకులు కొట్టి ఎండబెట్టిన తోలు అది. వెలుతురు అటు నుంచి ఇటు దూరేంత పలచగా తయారైంది. పక్కన ఏడు ఉలులు ఉన్నాయి. పొద్దున్నుంచి ఓబులేసు వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి ఒకసారి, పెద్దదాని నుంచి చిన్నదానికి ఒకసారి సర్దాడు. అంతకు మించి ఏమీ జరగలేదు.

తోలుబొమ్మలు చేయడం నేర్చుకోవాలని అతను సుంకవ్వ ఇంటికి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. మూడో శివరాత్రికి శిష్యుడు తన చేత్తో చేసిన బొమ్మ ఒకటి ఆటపెట్టెలో పెట్టాలి. ఆ రాత్రి ఆటలో అది తెరమీదికి రావాలి. వస్తే ఆ శిష్యుడు ఇక మేళంలో మనిషి. రాకపోతే అవ్వ కాళ్ళకు మొక్కి తన ఊరికి వెళ్ళిపోవాలి. పొమ్మని ఎవరూ అనరు. తనది ఒక్క బొమ్మ కూడా లేని పెట్టెను మోసుకుంటూ ఏ ముఖం పెట్టుకుని ఊరూరా తిరుగుతాడు?

ఓబులేసుకు ఊరుంది. ఆ ఊళ్ళో ఒక నూనె మిల్లుంది. అందులో వేరుశనగ బస్తాలు లెక్కపెట్టే పని చేసేవాడు. నలభై బండ్లు ఒకేసారి వచ్చి నిలబడినా కాగితం, పెన్సిలు లేకుండా మొత్తం చెప్పేవాడు. ఒకనాడు ఆ ఊరికి సుంకవ్వ మేళం వచ్చింది. తెరమీద ఆమె ఆడించే హనుమంతుడు లంకకు దూకడానికి ఒళ్ళు విరుచుకుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు తమకు తెలియకుండానే కాస్త వెనక్కి జరిగారు. ఓబులేసు కూడా జరిగాడు. మర్నాడు పొద్దున మేళం బండి వెనకాల పదిహేడు మైళ్ళు నడిచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. సుంకవ్వ బండి దిగి, అతని కాళ్ళకేసి చూసి, ముందు నీళ్ళు ఇచ్చింది.

అటువంటి మనిషికి మళ్ళీ ఆ మిల్లు గుర్తొస్తే గుండెల్లో రాయి పడినట్టుండేది.

చేయకపోవడం కాదు, ఒకటి చేశాడు. అదే చిక్కు.

శిష్యులు మొదటి బొమ్మగా ఏ చిలకనో, చెట్టునో చేస్తారు. ఓబులేసు సీతమ్మను చేస్తానన్నాడు. అవ్వ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, సరే అంది. పని మొదలుపెట్టే ముందు అతను అవ్వ చేసిన పాత సీతను ఎండకు పట్టి చూశాడు. తోలులో ఉలితో పొడిచిన చిల్లుల గుండా వెలుతురు వచ్చి నగలవుతుంది, చీర అంచవుతుంది. అవ్వ సీతలో మొత్తం ఆరువందల నలభై చిల్లులున్నాయి. ముఖంలో అయితే పదకొండే. పాతకాలం వాళ్ళకు ఓపిక తక్కువేమో అనుకున్నాడు ఓబులేసు.

తన సీతకు పందొమ్మిది వందల పన్నెండు పొడిచాడు. ముఖంలోనే రెండువందల పన్నెండు. డెబ్బై ఒక్క రోజులు పట్టింది. ఆ డెబ్బై ఒక్క రోజులూ ఇంటికి వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ ఆ లెక్క చెబుతూనే ఉన్నాడు. పాలు పోయడానికి వచ్చే మనిషికి కూడా తెలుసు, నిన్నటికి ఎన్నయ్యాయో.

చేతిలో పట్టుకుని చూస్తే ఆ బొమ్మ నిజంగా అందంగా ఉండేది. మెడలో హారం, నడుముకు వడ్డాణం, బుగ్గ మీద చుక్క, అన్నీ వెలుతురుతో అల్లినట్టుండేవి. ఒక సాయంత్రం తెర కట్టి, వెనక ఆముదం దీపం వెలిగించి, భీమన్న తాత బొమ్మను పట్టుకున్నాడు. భీమన్న అవ్వకు తమ్ముడు. మేళంలో మద్దెల ఆయనదే. ఓబులేసు పరుగున ముందుకొచ్చి, పది బారల దూరంలో అవ్వ పక్కన కూర్చుని చూశాడు.

తెరమీద సీత లేదు. ముఖం ఉండాల్సిన చోట వెలుతురు పొడి చల్లినట్టుంది. చిల్లులన్నీ కలిసిపోయి కన్ను ఏదో, ముక్కు ఏదో తెలియడం లేదు.

భీమన్న బొమ్మను కిందికి దించి, ఒకసారి దాన్నీ ఒకసారి ఓబులేసునూ చూశాడు. సీతమ్మకు ఆటలమ్మ పోసినట్టుంది, ఎవరన్నా వేపాకు తెండప్పా అన్నాడు.

అవ్వ నవ్వలేదు. తిట్టలేదు. తెరకేసి చాలాసేపు చూసి లేచింది.

"సంగటి చల్లారిపోతాంది. రాండి."

అంతే. ఆమె ఒక మాట అని ఉంటే, కనీసం ఏ చిల్లు తప్పో చూపించి ఉంటే, ఓబులేసు దాన్ని పట్టుకుని వేలాడేవాడు.

ఆ తరవాతే చెయ్యి ఆగిపోయింది.

కొత్త తోలు తయారు చేశాడు. కూర్చునే చోటు మార్చాడు. ఉలులు సానపట్టాడు. కోడి కూయకముందే లేచి మొదలుపెట్టాడు. బొగ్గుతో గీత గీసేవాడు, తుడిచేసేవాడు. మళ్ళీ గీసేవాడు, గీకేసేవాడు. గీకి గీకి తోలు ఒకచోట ఉల్లిపొరలా అయిపోయింది. ఏ గీత గీసినా దాని వెనక ఆ వెలుతురు పొడే కనబడేది. ఇరవై ఆరు రోజులు పందొమ్మిదయ్యాయి. ఒకనాడు ఉండబట్టలేక అవ్వనే అడిగాడు.

"అవ్వా, నీకెప్పుడూ చెయ్యి ఆగిపోలేదా?"

"ఎందుకాగలా. ఒకసారి ఏడాదిపాటు ఆగింది."

"అప్పుడేం చేసినావు?"

"సంగటి కెలికినా" అని ఆమె చేట నిండా వేరుశనక్కాయలు తెచ్చి అతని ముందు పెట్టింది, ఒలవమని.

ఆ రోజంతా అతను కాయలు ఒలిచాడు. ఒలిచేంతసేపూ చేతులు చక్కగా ఆడాయి. తోలు ముందు కూర్చోగానే మళ్ళీ కట్టెలైపోయాయి.

పదిహేను రోజులు మిగిలాయి. ఆ పొద్దున ఓబులేసు తన సీతను చాపలో చుట్టుకుని, పసుపు, కుంకుమ పొట్లం కట్టుకుని పెన్న దారి పట్టాడు. ఆడి ఆడి చిరిగిపోయిన బొమ్మలను ఆ మేళం వాళ్ళు పారేయరు. పసుపు కుంకుమ పెట్టి ఏట్లో వదులుతారు. పోయిన ఏడాది ఒక లక్ష్మణుడిని అలా వదిలారు. అవ్వ పుట్టకముందు నుంచీ ఆడిన బొమ్మ అది. ఆ రోజు అవ్వ తలస్నానం చేసి, ఇంటిమనిషి పోయినట్టే మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఓబులేసు ఆ మర్యాద చూశాడు. తన బొమ్మను చెత్తలో పడేయడానికి మనసొప్పక, అలా సాగనంపితే ఈ బాధ తీరుతుందనుకున్నాడు.

ఏట్లో ఇసుకే ఎక్కువ. నీళ్ళు అవతలి గట్టు కింద సన్నగా పారుతున్నాయి. సుంకవ్వ ఇసుకలో చెలమ తీసి, చిప్పతో బిందె నింపుకుంటోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తల ఎత్తకుండానే అడిగింది.

"యాడికి అబ్బీ?"

"దీన్ని ఏటికిచ్చేస్తానవ్వా."

"ఎన్ని ఆటలాడింది?"

ఏ లెక్క అడిగినా తడుముకోని ఓబులేసు కాసేపు ఇసుకలోకి చూశాడు.

"ఒక్కటీ ఆడలేదు."

"ఆడిన బొమ్మలకే ఏరు. దా, బిందె ఎత్తు."

బిందె అతని భుజానికి ఎక్కింది. చాపచుట్ట ఆమె చంకకు ఎక్కింది. ఇంటికి రాగానే ఆమె చాప విప్పి, బొమ్మను తీసుకుని వంటింట్లోకి పోయింది. పొయ్యికి ఎదురుగా తూర్పు గోడకు ఒక కిటికీ ఉంది. అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, ఎత్తు తక్కువ. ఆమె సీతను అడ్డంగా తిప్పి, రెండు మేకులతో ఆ కిటికీకి తగిలించేసింది. తల ఒక పక్క, పాదాలు ఒక పక్క.

ఓబులేసు గుమ్మంలో నిలబడిపోయాడు.

పొద్దున పొయ్యికాడ కూర్చుంటే ఎండ కళ్ళల్లో పొడుస్తోంది, ఇది సరిగ్గా సరిపోయింది అంది ఆమె, చేతులు దులుపుకుంటూ.

డెబ్బై ఒక్క రోజుల పని కిటికీకి పరదా అయింది. ఓబులేసుకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆమెను ఏమీ అనలేక మూడు రోజులు ఆ కిటికీకి వీపు పెట్టి తిన్నాడు. గోడను చూస్తూ తింటున్నావేమిరా, గోడ నీ కంచంలోకి ఏమన్నా వడ్డిస్తుందా అని భీమన్న ఒకటికి రెండుసార్లు అడిగాడు. నాలుగో రోజు వీపు పెట్టడానికి చోటు దొరకలేదు. భీమన్న మద్దెల మూతలు ఆరబెట్టుకుంటూ గోడవారంతా ఆక్రమించేశాడు. ఓబులేసు కంచం పట్టుకుని కిటికీకి ఎదురుగా కూర్చోక తప్పలేదు.

అప్పుడే సూర్యుడు ఎదుటి పాక కప్పు దాటి పైకి వచ్చాడు. బొమ్మలోని చిల్లులన్నిటి గుండా ఎండ దూరి పేడతో అలికిన నేలమీద పడింది. వేరుశనగ పప్పులంత వెలుతురు చుక్కలు, వందలకు వందలు. ఇంతలో పెరటి గుమ్మం నుంచి ఒక కోడిపెట్ట లోపలికొచ్చింది. నేలనిండా గింజలు. మెడ చాచి ఒకదాన్ని పొడిచింది. ముక్కుకు నేల తగిలింది. మెడ వంచి అనుమానంగా చూసి, పక్కదాన్ని పొడిచింది. గాలి వీచింది. తోలు కదిలింది. చుక్కలన్నీ ఒక్కసారిగా అటువైపు పరిగెత్తాయి. పెట్ట కూడా వాటి వెనకాలే పరిగెత్తింది. చుక్కలు తిరిగొచ్చాయి. పెట్టా తిరిగొచ్చింది.

ఓబులేసు ఫక్కున నవ్వాడు. నెల రోజుల్లో అదే మొదటిసారి. కోడి సిగ్గు లేకుండా మళ్ళీ పొడిచింది. మళ్ళీ గాలి. మళ్ళీ పరుగు.

అతని నవ్వు అలాగే ముఖం మీద ఆగిపోయింది. నోటి దగ్గరకు వెళ్ళిన ముద్ద ఆగింది.

లేనిదాని వెనకాల పరిగెత్తడం. ఉన్నట్టు తళతళలాడి, ముక్కు ఆనించేసరికి జరిగిపోవడం.

అతను తల ఎత్తి కిటికీకేసి చూశాడు. అడ్డంగా వేలాడుతున్న ఆ తోలులో ఇప్పుడు అతనికి సీత కనబడలేదు. చీర కుచ్చిళ్ళ మీద దట్టంగా పొడిచిన చిల్లులు ఒక వీపులా వంపు తిరిగి ఉన్నాయి. పువ్వు పట్టుకోవడానికి పైకెత్తిన చెయ్యి, గాజులతో సహా, వెనక్కి తిరిగి చూసే ఒక మెడలా ఉంది.

కంచం పక్కన పెట్టి, లేచి, మేకుల నుంచి బొమ్మను తీశాడు. ఎండ దబ్బున పొయ్యి మీద పడింది.

"ఎండ పొడుస్తాందబ్బీ" అంది అవ్వ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పదకొండు రోజులు ఓర్చుకో అవ్వా."

మొదటి కోత దగ్గర మాత్రం చెయ్యి మళ్ళీ తడబడింది. కత్తి అంచు తోలుకు ఆనింది కానీ దిగడం లేదు. ఒకసారి కోస్తే ఇక సీత లేదు. అవ్వ ఎప్పుడొచ్చిందో, ఎదురుగా కూర్చుని తోలు రెండో కొసను రెండు చేతులతో గట్టిగా లాగి పట్టుకుంది. ఆమె చూపు కత్తి మీద లేదు, అతని మీదా లేదు. పెరట్లో ఎండుతున్న బట్టలకేసి చూస్తూ కూర్చుంది. తోలు బిగిసింది. కత్తి దిగింది.

ఆ తరవాత ఓబులేసుకు లెక్కలన్నీ పనికొచ్చాయి. బొటనవేలి వెడల్పులో చిల్లులు పన్నెండున్న చోటు వీపుకు తీసుకున్నాడు. ఆరున్న చోటు డొక్కకు. ముదురు రంగు వేసిన, ఒక్క చిల్లూ లేని పవిట చెంగు నుంచి నాలుగు కాళ్ళు కోశాడు. మెరిసే ఒంటి కింద చీకటి కాళ్ళు ఉంటేనే పరుగు తెలుస్తుందని అతనికి తోచింది. ఎవరూ చెప్పలేదు. పైకెత్తిన చెయ్యి మెడ అయింది. మోకాళ్ళకు, మెడకు దారంతో కీళ్ళు కట్టాడు. కీలు దగ్గర ముడి జారిపోకుండా గుండ్రటి తోలుబిళ్ళలు వేయాలి. వాటికి ముక్క వెతుకుతుంటే చేతికి సీత ముఖం తగిలింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, అందులోంచే తొమ్మిది బిళ్ళలు కోశాడు.

కంటికి ఒకే ఒక్క చిల్లు కొత్తగా పొడిచాడు. ఆ ఒక్కదానికి ఒక పూట పట్టింది.

ఒకచోట మాత్రం తప్పు దాగలేదు. చీర అంచు తాలూకు వరస ఒకటి పొట్ట కింద అడ్డంగా మిగిలిపోయింది. రంగు పులిమి చూశాడు, పోలేదు. వెనక ముక్క అతికిస్తే అక్కడ మచ్చలా కనబడింది. అతికించిన ముక్క ఊడదీసి, దాన్ని అలాగే వదిలేసి, వెదురు దబ్బకు బొమ్మను బిగించాడు. శివరాత్రికి ఇంకా ఒక్క పూట ఉంది.

భీమన్న దాన్ని అందుకుని ఒకసారి విదిలించాడు. నాలుగు కాళ్ళూ గాలిలో దూకాయి. మెడ వెనక్కి తిరిగింది. ఏదన్నా అంటాడని ఓబులేసు ఎదురుచూశాడు. ముసలాయన బొమ్మను జాగ్రత్తగా తిరిగి ఇచ్చి, దీన్ని గట్టిగా పట్టుకోవాలప్పా, పారిపోయేట్టుంది అన్నాడు.

శివరాత్రినాడు, పొద్దు గుంకాక, ఏటి గట్టు మీది ఊరి మైదానంలో తెర లేచింది. చుట్టుపక్కల పల్లెల నుంచి చాపలు, దుప్పట్లు చంకన పెట్టుకుని జనం వచ్చారు. తెర వెనక ఓబులేసు తన బొమ్మను పట్టుకుని, పాట అందే చోటు కోసం పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. అవ్వ వచ్చి అతని చేతిలోంచి దబ్బ తీసుకుంది.

"నువ్వు ముందరికి పో. చేసినోడు తొలిసారి చూడాల."

అతను జనంలోకి వెళ్ళి, కంబళి కప్పుకున్న ఒక గొర్రెల కాపరి పక్కన ఇంత చోటు చేసుకుని కూర్చున్నాడు.

పర్ణశాల వచ్చింది. అవ్వ సీత వచ్చి వాకిట్లో నిలబడింది. పదకొండు చిల్లుల ముఖం. ఆ ముఖంలో ఎంత నెమ్మది ఉందో ఓబులేసు ఇన్నాళ్ళూ చూడనేలేదు. ఇంటి వాకిట్లో పొద్దుపోక నిలబడిన ఆడపిల్లలా ఉంది ఆమె.

భీమన్న మద్దెల మీద వేళ్ళు మాత్రం ఆడించాడు. తెర మూలన ఒక పసుపు పొగమంచు లేచింది. అవ్వ జింకను తెరకు దూరంగా, దీపానికి దగ్గరగా పట్టుకుని ఉంటుంది. ఆకారం తెలియడం లేదు. ఏదో ఉంది. ఆ పొగమంచు కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, ఉన్నట్టుండి తెరను తాకింది. ఒళ్ళంతా భగ్గుమని వెలిగింది. చీకటి కాళ్ళు నాలుగూ నేలను తాకీ తాకకుండా దూకాయి. వీపు మీద వెలుతురు అలలా పారింది. జింక ఆగి, మెడ వెనక్కి తిప్పి, సీతను చూసింది.

కిటికీకి పరదా కట్టిన చెయ్యే ఇది అనుకున్నాడు ఓబులేసు. అరవై ఎనిమిదేళ్ళ ఆ చెయ్యి ఎంత దూరంలో ఉంచితే పొగమంచో, ఎంత దగ్గరికి తెస్తే మంటో తూకం వేసినట్టు తెలిసి ఆడుతోంది. గాలి వీచినప్పుడల్లా తెర అల్లాడి, పొట్ట కింది ఆ అడ్డ వరస పరుగుతో పాటు సాగి, ఎండలో తిరిగే జంతువు డొక్క మీది మెరుపులా కనబడింది.

సీత అది కావాలని అడిగింది. అవ్వ గొంతే అది, ఇరవై ఏళ్ళ గొంతులా ఉంది. వెనక వరసలో ఎవరో ముసలమ్మ గొణిగింది, వద్దు తల్లీ, నమ్మొద్దు అని. పక్కనున్నవాళ్ళు ఆమెను ఊరుకోమన్నారు. రాముడు విల్లు తీసుకుని లేచాడు. జింక నాలుగు దూకులు దూకి, పక్కకు తిరిగి, సన్నటి గీతలా మారి, లేకుండా పోయింది. జనం అంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. మళ్ళీ ఎక్కడ కనబడుతుందోనని తెర నాలుగు మూలలా కళ్ళు వెతుకుతున్నాయి.

గొర్రెల కాపరి ఓబులేసు వైపు వంగాడు.

"ఏం బొమ్మప్పా అది! నువ్వు ఆ మేళం బండి దిగినోడివే గదా. ఎవురు చేసినారో తెలుసునా?"

తెర కుడిమూలన పసుపు మంచు మళ్ళీ లేస్తోంది. ఓబులేసు దాని మీంచి చూపు తిప్పలేదు.

"తెలీదన్నా" అన్నాడు. "కొంచెం చూడనీ."